అవ్వతో బందరు ప్రయాణం

నేను ఆలేరు బడిలో టీచరుగా చేరిన మరుసటి ఏడు, బందరు నుంచి ఒకామె టీచరుగా వచ్చి మా పక్కింట్లో కిరాయికి దిగింది. ఆమె "ఏవండీ" అన్నప్పుడల్లా పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. నాకు మాత్రం వారం తిరక్కుండానే మంచి స్నేహితురాలైంది.

ఒక సాయంత్రం బడి వదిలాక సుద్దముక్కతో నల్లబల్ల మీద రైలుదారి గీసింది. ఆలేరు, కాజీపేట, బెజవాడ, బందరు. చివర నాలుగు అలలు కూడా గీసింది.

"శనివారం ఒంటిపూట బడే కదా. మధ్యాహ్నం బండెక్కితే ఆదివారం పొద్దుటికి మా ఇంట్లో ఉంటాం. కోట, డచ్చివాళ్ల సమాధులు, సముద్రం అన్నీ చూసుకుని సాయంత్రం తిరుగు బండి ఎక్కేద్దాం" అంది.

నేను అప్పటిదాకా చూసిన పెద్ద నీరంటే ఆలంపూర్ దగ్గర తుంగభద్రే. ఆ రాత్రంతా అలలే కళ్లలో మెదిలాయి.

ఇంట్లో చెబితే, గొర్రెల దొడ్డికి కంప కడుతున్న బాపు తలెత్తకుండానే అన్నాడు: "ఆడివిల్లలు ఇద్దరే గంత దూరం పోతరా? వద్దు."

అరుగు మీద కూచున్న అవ్వ, అంటే బాపు తల్లి, "ఇద్దరే ఎట్లయితరు? నేను పోతున్న గద" అంది.

"గీ వయసుల నీకెందుకే అవ్వా?"

"గీ వయసుల పోకుంటే ఇంకెప్పుడు పోవాలెరా?"

బాపు మళ్లీ కంప కట్టడంలో పడ్డాడు.

అవ్వ సంబరం చూడాలి. జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు మూటకట్టింది. గొంగడి కూడా మడిచి పెట్టింది.

"మా ఊళ్లో ఒకటే ఉక్క, మామ్మగారూ. కంబళి ఎందుకండీ?" అంది నా స్నేహితురాలు.

"పరుచుకుంటందుకు బిడ్డా. మీ సముద్రం కాడ అరుగులుంటయా?"

ఆదివారం పొద్దున బందరులో వాళ్లింట్లో ఇడ్లీలు తిని, ముందు సముద్రానికే పోయాం. అవ్వ చాలాసేపు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"అవతలి ఒడ్డు యాడున్నది?"

"కనబడదండీ."

"అట్లనా" అని చీర ఎగ్గట్టి, మా ఇద్దరి చేతులు పట్టుకుని మోకాళ్ల లోతు దాకా నడిచింది. ఒక పెద్ద అల వచ్చింది. మేమిద్దరం నీళ్లలో కూలబడ్డాం. జన్మంతా గొర్రెల వెంట గుట్టలెక్కిన మా అవ్వ మాత్రం కదలకుండా నిలబడి మమ్మల్ని చూసి నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేనెన్నడూ వినలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. కోటకు, సమాధులకు పోదామంటే అవ్వ వినలేదు.

"సచ్చినోళ్ల కాడికి మళ్లెప్పుడన్న పోవచ్చు. జర గిది చూడనియ్యిరి."

ఇక చేసేదేముంది, బండి వేళదాకా ఒడ్డునే ఉన్నాం. సోమవారం పొద్దున ఆలేరులో దిగేసరికి బడి గంట వినబడుతోంది. చీర కుచ్చిళ్లలో ఇసుకతోనే ఇద్దరం తరగతులకు పరుగెత్తాం. అవ్వ మూట నెత్తిన పెట్టుకుని, దారిలో కనబడిన ప్రతివాళ్లనూ ఆపి మాట్లాడుకుంటూ, తీరిగ్గా ఇంటికి పోయింది.