పన్నెండు మణి

తమిళనాడు ధర్మపురిలో మా వాచీల అంగడికి మూడు తరాల వయసు. వెండి డొప్ప కోయడం నుంచి ముళ్ళకు మెరుగు పెట్టడం దాకా అంతా తాత చేతిపనే. లోపలి యంత్రం మాత్రం పాతది కొని, విప్పి, కడిగి, మళ్ళీ కూర్చుతాడు. చూపు తగ్గుతోంది, ఇప్పుడు చేస్తున్నదే ఆఖరి వాచీ అని చెప్పేశాడు.

దాన్ని గుంటూరాయన ఒకాయన తండ్రి షష్టిపూర్తి కోసం చేయించుకున్నాడు. తెలుగువాళ్ళ అంగడి అని వెతుక్కుని మరీ వచ్చాడు. చిక్కంతా అక్కడే. మా ఇంట్లో తెలుగే గాని, గంటను మాత్రం అరవంలో లాగా మణి అంటాము. మా చిన్నాయన ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాడు: "శుక్రవారం, పన్నెండు మణి, వాచీ రెడీ సార్."

శుక్రవారం గుంటూరాయన దిగాడు. వాచీని తిప్పి తిప్పి చూసి, మణులేవి అన్నాడు. పన్నెండు మణులు పొదిగిన వాచీ అని బంధువులందరికీ చెప్పేశాడట. చిన్నాయన అర్థం చెప్పబోతే ఆ రికార్డునే వినిపించాడు. ఊళ్ళో తన పరువేం కావాలి, ఈ వాచీ వద్దని లేచాడు. తాత చేతిలోని పట్టుకారు పక్కన పెట్టాడు.

నేను పక్కనే కూర్చుని సాయంకాలం గుడిలో అందరం కలిసి చదివే గోష్ఠికి విష్ణు సహస్రనామాలు వల్లించుకుంటున్నాను. తాత నావైపు తిరిగాడు.

"ఏమ్మా, గోష్ఠిలో చదువుతావు గదా. స్వామిని రత్నగర్భుడని ఎందుకంటారు?"

"రత్నాలను కడుపులో పెట్టుకున్నాడు గనక," అన్నాను, పెద్దలు నేర్పినట్టే.

తాత వాచీ వెనక మూత విప్పి, భూతద్దం ఆయన చేతికిచ్చాడు. ఇరుసులు అరగకుండా బిగించిన కెంపురాళ్ళు లోపల ఎర్రగా మెరిశాయి. పక్కనే పదిహేడు అని చెక్కి ఉంది.

"మీరు పన్నెండు అడిగినారు. మా వాచీలో పదిహేడు ఉండాయి సార్."

ఆయన చాలాసేపు చూశాడు. మెల్లగా కూర్చున్నాడు. వెనక మూతకు బదులు గాజు బిగించమన్నాడు.

తాత అబద్ధమాడాడా అని సాయంత్రం దాకా ఆలోచించాను. ఒక్క మాటా అబద్ధం కాదు. మంచి వాచీలన్నిటిలోనూ అవి ఉంటాయని మాత్రం చెప్పలేదు. గోష్ఠిలో ఆ నామం దగ్గర తాత తాళం ఒక దెబ్బ ఎక్కువ వేశాడు. నాకు నవ్వాగలేదు. స్వామి కూడా నవ్వే ఉంటాడని నా నమ్మకం.

షష్టిపూర్తి అయ్యాక గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. పెద్దాయన వాచీని బోర్లా కట్టుకుని వచ్చినవాళ్ళందరికీ రాళ్ళు చూపిస్తున్నాడట. మణి ఎంతయిందో మాత్రం పక్కవాళ్ళను అడుగుతున్నాడట.