గడి ముందు ఆగిన దరువు

మా ముత్తాత తుంగతుర్తి వైపు ఊళ్లకు దేశ్‌ముఖ్. నిజాం సర్కారు ఆయన తండ్రికి ఇచ్చిన సనదు పత్రం మా ఇంట్లో చాలాకాలం అద్దం కట్టించి గోడకు ఉండేది. మా తాత బయటికి వస్తే దారిలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా నాన్న కాలానికి ముసలివాళ్లే లేచేవారు. పడుచువాళ్లు చేతిలోని బీడీ కూడా పారేసేవారు కాదు. నా దాకా వచ్చినవి ఇంటిపేరు, వెన్ను వంచకుండా నిలబడే అలవాటు, ఊళ్లో మా పెద్దల కోటలాంటి ఇల్లు గడిలో ఒక వాటా.

నేను డీజేను. సూర్యాపేటలో కిరాయి ఇంటి మేడ మీది గదిలో సంగీతం తయారు చేస్తాను. కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లకు, పెళ్లి బరాత్‌లకు వెళ్లి మోగిస్తాను. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడి గదిలో మొదటిసారి హౌస్ మ్యూజిక్ విన్నాను. అందులో పల్లవి ఉండదు, చరణం ఉండదు. అడుగున ఒకే దెబ్బ, మనిషి నడకలా సమానంగా పడుతూ ఉంటుంది. మిగతా శబ్దాలన్నీ దాని మీదికి వచ్చి పోతుంటాయి. ఎవరి కోసమూ ఆగని ఆ నడక నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో అప్పట్లో ఆలోచించలేదు.

మా వైపు డీజేలు రీమిక్స్ మధ్యలో తమ పేరూ ఊరూ గట్టిగా అరిపిస్తారు. నా ట్రాకుల్లో పేరు ఉండదు. అది నా అభిరుచి అని అందరికీ చెప్పేవాణ్ణి. బొలెరో బండి మీద కట్టిన బేస్ బాక్సుల్లోంచి మా ఇంటిపేరు రోడ్డు మీద పడటం నాకు ఇష్టం లేదు, అదీ సంగతి. దాచినా ప్రయోజనం లేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల వాళ్ల పెళ్లిళ్లలో నన్ను దొర డీజే అంటారు.

"దొరవారూ, జర మా మీద దయుంచి ఒక తీన్‌మార్ ఎయ్యరాదుండ్రి" అని ఒకడంటే, "గట్ల అడుగుతర్రా? చేతులు కట్టుకొని అడగాలె" అని ఇంకొకడు అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి కాదు, కోప్పడేవాణ్ణీ కాదు. నిటారుగా నిలబడి తీన్‌మార్ వేసేవాణ్ణి. బండి మీద నిలబడితే కింద ఆడేవాళ్లందరి తలలూ కనబడతాయి. అంత ఎత్తున మా తాత కూడా ఎన్నడూ నిలబడి ఉండడు.

ఒకసారి నేను ఇంటర్నెట్‌లో పెట్టిన ట్రాక్ బెంగళూరులోని ఒక చిన్న రికార్డు కంపెనీవాళ్లు విన్నారు. రికార్డుగా తెస్తామన్నారు. అయితే అందులోని డప్పు కంప్యూటర్ డప్పు, అది తీసేసి మీ ఊరి డప్పు పెట్టండి అన్నారు. ఆ రికార్డు వస్తే నేను పెళ్లి బండి దిగిపోవచ్చు. దాని మీద పేరు కూడా వేసుకుందామనుకున్నాను, ఇంటిపేరుతో సహా. వేసుకోదగ్గ చోటు నాకు అదొక్కటే కనబడింది.

మా ఊళ్లో డప్పు మేళానికి పెద్ద ఒక ముసలాయన. ఆయన ఇంటి ముందు బండి ఆపి దిగాను గానీ, ఆయన్ని ఏమని పిలవాలో తెలియలేదు. మా ఇంట్లో ఆయన్ని పసిపిల్లలు కూడా 'ఏరా' అనేవారు. గొంతు సవరించుకుంటూ నిలబడ్డాను.

"దొరా, ఏమని పిలవాల్నో తెల్వకపోతే తాత అను. నీదేం పోదు" అన్నాడాయన, మంచం మీద నుంచి లేవకుండానే.

వచ్చిన పని చెప్పాను. ఆయన కాసేపు మోకాలి మీద వేళ్లతో ఏదో కొట్టుకున్నాడు.

"గడి దాకా కొట్టే దరువొకటున్నది. పెండ్లి పోయేటప్పుడు గది కొట్టుకుంట పోతుంటిమి. గడి రాంగనే డప్పు ఆపాలె, పెండ్లిపిలగాడు బండి దిగి నడవాలె. గడి దాటి అవతలి మలుపు తిరిగినంకనే మళ్ల మొదలు. గడి ముందర ఆ దరువు ఎట్లుంటదో మా తాత ఇనలె, మా నాయిన ఇనలె. నేనూ ఇనలె."

"ఇప్పుడు ఎవరాపుతారు తాతా" అన్నాను.

"ఎవలాపుతరు. అయినా మా మేళం గా దారిన పోలేదు. డీజేలొచ్చినంక మమ్ముల పిలిచేటోడెవడు?" నా వైపు తిరిగాడు. "వచ్చే నెల మా మనవని పెండ్లి. నీ బండి తీసుకరా. నీ పెట్టె, మా డప్పు కలిసి గడి ముందల్నుంచి పోవాలె. గాడ రికార్డు చేసుకో. ఉత్తగ గిక్కడ కూసోని కొట్టమంటే కొట్ట."

నాకు కావలసింది అంతకంటే బాగా దొరకదు. ఒప్పుకున్నాను.

గడిలో ఇప్పుడు ఎవరూ ఉండరు. ముందు సావిడి ఎరువుల వ్యాపారికి కిరాయికి ఇచ్చాం, లోపలి భాగానికి తాళం. పెద్ద దర్వాజా తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి, ఇత్తడి బుడిపెలతో. మునగాల దగ్గర హైవే మీద దాబా కట్టిస్తున్న ఒకాయన ఆ తలుపుల కోసం అప్పటికి ఎన్నిసార్లో అడిగించాడు. మిగతా వాటాదారులు సరేనన్నారు. నేను బతికి ఉండగా కుదరదని చెప్పాను.

పెళ్లి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బరాత్ బయలుదేరింది. నేను బండి మీద, ముందు మేళం. రికార్డర్‌ను బండి కమ్మీకి కట్టాను. అడుగు దెబ్బ నేను వేస్తున్నాను, దాని మీద వాళ్లు దరువు ఎత్తుకున్నారు. ముసలాయన కూడా డప్పు మెడలో వేసుకున్నాడు. అన్నేళ్లలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఎంత సర్దినా రాని కదలిక అది. పెళ్లికొడుకు కారు దిగి ఆడుతున్నాడు. ఇంత బాగా వస్తోంది, ఇక రికార్డు నాదే అనుకున్నాను.

మలుపు తిరిగాక గడి కనబడింది. తలుపులు మూసి ఉన్నాయి. వాటి ముందు ఎరువు బస్తాల చిరిగిన సంచులు గాలికి ఎగురుతున్నాయి. బండి సరిగ్గా తలుపుల ఎదుటికి వచ్చినప్పుడు నా చెయ్యి మిక్సర్ మీది వాల్యూమ్ మీటను కిందికి లాగేసింది.

చిన్నప్పుడు నాన్న జీపులో టేపు పెట్టుకుని వచ్చేవారు. గడి రాగానే ఆపేసేవారు. పెద్దల ముందు మోత ఏమిటి అనేవారు. నాన్న మరిచిపోతే ముందు సీట్లో కూర్చున్న నేనే ఆపేవాణ్ణి. మాకు అది గుడి ముందు చెప్పులు విడిచినట్టు. అదే చెయ్యి.

నా దెబ్బ ఆగగానే మేళం కూడా ఆగింది. జనరేటర్ చప్పుడు ఒకటే మిగిలింది. పెళ్లికొడుకు ఎత్తిన చేతులు దించాడు.

"ఏంది, దొరకు నిద్రొచ్చిందా?" అంది వెనక నుంచి ఒకావిడ.

"నిద్ర గాదక్కా, వాళ్ల తాత లేచొస్తడని బుగులు" అన్నాడు ఇంకొకడు.

నవ్వారు. మీట మళ్లీ పైకి తోయాలని నాకు తెలుసు. తోయలేకపోయాను. అప్పుడు ముసలాయన ఒక్క దెబ్బ కొట్టాడు. ఆగి, ఇంకొకటి. మేళం అందుకుంది. నా దెబ్బ లేకుండానే వాళ్లు గడిని దాటి వెళ్లిపోయారు. నేను మోగని పెట్టెలతో వాళ్ల వెనక వెళ్లాను.

ఊరి చివర బండి ఆగాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"లోపట ఎవలన్న ఉన్నరా?"

"లేరు."

"మరి ఎవలకోసం ఆపినవ్?"

"అలవాటు, తాతా."

ఆయన డప్పు తీసి బండి అంచు మీద పెట్టాడు. "పోరగాండ్లు నీ పెట్టె ఆగిందని ఆపిండ్రు. నా చెయ్యి అంతకు ముందుగాల్నే ఆగింది. గందుకే నిన్ను తిట్టబుద్ధి అయితలేదు." కమ్మీకి కట్టిన రికార్డర్ వంక చూశాడు. "రికార్డయిందా?"

"అయింది."

"వాడుకో. గా ఆగింది మాత్రం కోసెయ్యకు."

నేను కొయ్యలేదు. కంపెనీవాళ్లు విని, డప్పు అద్భుతంగా ఉంది, మధ్యలో ఆ ఖాళీ తీసేస్తే చాలు, ఆడేవాళ్లు అక్కడ ఆగిపోతారు అన్నారు. వాళ్లన్నది నిజమే. హౌస్ మ్యూజిక్‌లో అడుగు దెబ్బ పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఆడేవాళ్లకు ముందే తెలియాలి. ఇక్కడ ఎవరికీ తెలియదు. తీయడం కుదరదన్నాను. కారణం అడిగారు. అది అలాగే ఉండాలని మాత్రం అన్నాను. ఆ తర్వాత వాళ్ల నుంచి ఫోన్ రాలేదు. రికార్డూ లేదు, దాని మీద ఇంటిపేరూ లేదు. వచ్చి ఉంటే ఆ ఖాళీ పక్కనే ఉండేది ఆ పేరు.

ఆ ట్రాక్‌ను ఇప్పుడు నేనే మోగిస్తున్నాను. మొన్న కోదాడ ఫంక్షన్ హాల్లో ఆ ఖాళీ రాగానే ఒక పెద్దమనిషి ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"కరెంటు పోయిందాండీ?"

"లేదండీ. నేనే ఆపాను."

ఆయన లైట్ల వంక చూసి, నా వంక చూసి వెళ్లిపోయాడు. ముసలాయన కొట్టిన ఆ ఒక్క దెబ్బ వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. అది వచ్చినప్పుడల్లా నాకు ముఖం వేడెక్కుతుంది.

ఈ ఎండాకాలంలో వాటాదారులు తలుపుల అమ్మకం కాగితాలు మళ్లీ పంపారు. ఎవరి కోసం ఆపావని ముసలాయన అడిగింది గుర్తొచ్చింది. ఈసారి సంతకం పెట్టాను. గడి పెద్ద దర్వాజా, రెండు తలుపులూ, చౌకట్టూ, ఇత్తడి బుడిపెలతో సహా మునగాల దాబా ఆయనకు అమ్మేశాం.