మెడలో టేపు

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మకు మెడలోని టేపు మీద ఉన్న నమ్మకం మనుషుల మాట మీద ఉండేది కాదు. అందుకే, తొమ్మిదేళ్ల కూతురు ఉండవలసినదానికన్నా బరువుందని డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి ఆ టేపునే కాపలా పెట్టింది.

"పాప కడుపు మాడ్చొద్దు. ఇంట్లో అందరూ ఒకటే తిండి తినండి, బాగా ఆడుకోనివ్వండి. ఎత్తు పెరిగే పిల్ల, నిదానంగా సర్దుకుంటుంది. అశ్రద్ధ చేస్తే మాత్రం చిన్నప్పుడే షుగరు రావచ్చు" అంది డాక్టరమ్మ. టైలరమ్మ చెవికెక్కింది ఆ చివరి మాటొక్కటే.

తీపి డబ్బాలు అటకెక్కాయి. రోజూ పొద్దున్నే పాప నడుముకు టేపు చుట్టి, ఊపిరి బిగబట్టిందేమోనన్న అనుమానంతో మళ్లీ కొలిచేది. అయినా నడుము తగ్గలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టైలరమ్మ మాత్రం మనసులో పట్టేసింది. పాపకు చాటుగా తినిపిస్తున్నది అత్తగారే!

ఆధారాలూ దొరికాయి. సాయంత్రాలు నానమ్మా మనవరాలూ ఎటో వెళ్లి, కందిన మొహాలతో తిరిగివచ్చేవారు. వస్తూనే పాప చెంబెడు నీళ్లు గటగటా తాగేది. నూనె సరుకేదో తిన్న దాహం కాక మరేమిటి? పైగా దుకాణంలో కత్తిరింపు పీలికల సంచి నానాటికీ చిక్కిపోతోంది. అవి ఎవరికిచ్చి ఏం తింటున్నారో!

"ఎక్కడికెళ్లొచ్చారు అత్తయ్యా?"

"గాలికి."

"గాలికెళ్తే మూతి తుడుచుకోవడం ఎందుకట?"

"చెమటే అమ్మాయ్! నీ కళ్లకి చెమట కూడా చక్కెరపాకంలా కనిపిస్తోందేం?"

పాప కిసుక్కున నవ్వబోయి, నానమ్మ చూపు తగలగానే నోరు మూసుకుంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా అనుకుంది టైలరమ్మ.

మర్నాడు దుకాణం పెందలాడే మూసి, చేతిసంచితో వాళ్ల వెనకే నడిచింది. బేకరీ రాగానే గోడ చాటుకు తప్పుకుంది. వాళ్లు బేకరీ వంక చూడనైనా లేదు. నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ స్థలంలో ఆగి, అత్తగారు కొంగు చాటు నుంచి ఒక తాడు తీసింది. యూనిఫారం పీలికలను జడలా అల్లిన తాడు. ఒక కొస వీధిదీపం స్తంభానికి కట్టి, రెండో కొస తిప్పుతుంటే పాప రొప్పుతూ, నవ్వుతూ ఎగురుతోంది.

టైలరమ్మ చాటు వదిలి ముందుకొచ్చింది. "నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయింది అత్తయ్యా?"

"నేనే చెప్పొద్దన్నా" అంది పాప. "చెప్తే ఇక్కడ కూడా కొలుస్తావు. ఎగిరే ముందోసారి, ఎగిరాక ఇంకోసారి."

కాదనబోయింది టైలరమ్మ. కానీ ఆమె చేయి అప్పటికే టేపు మీద ఉంది.

టేపు తీసి, చుట్టచుట్టి సంచిలో వేసింది. స్తంభానికున్న ముడి విప్పి ఆ కొస తాను పట్టుకుంది.

"స్తంభమే నయం" గొణిగింది అత్తగారు. "దానికి అనుమానాలుండవు."

"సంచి దూరంగా పెట్టు" అంది పాప.

పెట్టింది. తాడు తిరిగింది. ఎగిరిన ప్రతిసారీ పాప తాడును కాక సంచినే చూస్తోంది.