ఉన్నది ఉన్నట్టు తీసే ఫోన్

చిల్కూరు సక్కుబాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. అంటే అన్నారు గానీ, ఆ కోపం ఉత్తపుణ్యానికి రాదు. బేరంలో ఎదుటివాడు రెండు మాటలు ఎక్కువ మాట్లాడినా ఊరుకుంటుంది. కూలికి వస్తానన్న మనిషి రాకపోయినా కాసేపు సణిగి సరిపెట్టుకుంటుంది. ఆమె మాటను అనుమానిస్తే మాత్రం ఇక అంతే సంగతులు. ఎంతటివాడినైనా నిలబెట్టి దులిపేస్తుంది.

ఊరి చివర ఆమెకూ, భర్త బాలమల్లుకూ కాస్త చామంతి తోట ఉంది. తెల్లవారకముందే ఆమె ఒడి కట్టుకుని సాళ్లలోకి దిగుతుంది. నీళ్లూ, మందులూ బాలమల్లు చూసుకుంటాడు. గంపలు నిండేసరికి గండిపేట సుధాకర్ పంపిన ట్రాలీ ఆటో రోడ్డు మీదకు వచ్చి ఆగుతుంది. సుధాకర్‌ది ఫంక్షన్ హాళ్లలో పెళ్లి మండపాలు అలంకరించే పని. ఇన్నేళ్లలో అతను తోటకు వచ్చి పూలు చూసింది లేదు. పొద్దున్నే ఫోన్ చేస్తాడు. సక్కుబాయి నడుముకు దోపుకున్న బటన్ ఫోన్ తీసి, తడి చేతులతోనే నొక్కి, చెవిన పెట్టుకుంటుంది.

"ఎట్లున్నయి అవ్వా పూలు?"

"పచ్చయి మంచిగున్నయి బిడ్డా. తెల్లయి మంచుకు జర నల్లబడ్డయి, దండలకు పనికిరావు. కింద చల్లేటందుకైతే తీస్కపో, లేకుంటే ఇడిసిపెట్టు."

అంతే, బేరం అయిపోయినట్టే. పూలు బాగా లేని రోజు "ఇయ్యాల వద్దు, ఇంకో దగ్గర చూస్కో" అని ఆమే చెప్పేది. అలా చెప్పిన రోజు సుధాకర్ బతిమాలినా ఒక్క గంప కూడా కదిలేది కాదు. పంపిన పూలు వాపసు రావడమన్నది ఎన్నడూ లేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పేటప్పుడు సక్కుబాయి కాస్త నిటారుగా కూర్చుంటుంది. కూర్చోదా మరి!

ఈ ఏడు మాఘం పెళ్లిళ్లు ఇంకా మొదలు కాలేదు, సుధాకర్ ఒక పొద్దున నసుగుతూ అసలు మాట బయటపెట్టాడు.

"అవ్వా, జర ఒక స్మార్ట్ ఫోన్ తీస్కోరాదు. పొద్దుగాల పూలు ఫోటో తీసి వాట్సాప్ చెయ్యాలె. పెండ్లోళ్లు ఫోటో చూడంది ఒప్పుకుంటలేరు. అందరు పంపుతున్నరు, నువ్వొక్కదానివే పంపవు."

"నేను చెప్తున్న గద! నా మాట సాలదా?"

"నాకు సాలుతది అవ్వా. వాళ్లకు సాలదు. ఫోటో లేకుంటే నీ పూలు తీస్కోలేను. ఏమనుకోకు."

ఏమనుకోకు అంటే అనుకోకుండా ఉంటుందా? ఆ పూట సక్కుబాయి కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచింది. ఇన్నేళ్లు తన నోటి మాట మీద బండి నడిచింది. ఇప్పుడు దాన్ని పక్కనబెట్టి బొమ్మ చూపించమంటున్నారు. ఆమె మనసు చివుక్కుమంది.

బాలమల్లుకు భార్యను ఉడికించకపోతే పొద్దుపోదు. "గంత ఫికర్ ఎందుకే? కొందాం పా. నీ బటన్ ఫోన్ నీళ్ల తొట్టిల పడి లేచి పడి లేచి అలిసిపోయింది. దాన్ని గూడ జర కూసోనియ్యి."

"పడితే ఏమాయె? ఎండల పెడితే మళ్ల మాట్లాడింది. మాట తప్పే మనుషుల కంటె నయం."

ఇలా రుసరుసలాడుతూనే మర్నాడు పూలు కోయడం అయ్యాక ఒక మూట కట్టి చంకన పెట్టుకుంది. చిల్కూరు నుంచి మొయినాబాద్ దాకా ఆటో, అక్కడి నుంచి చేవెళ్ల బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆమెకు జీరో టికెట్, బాలమల్లుకు పైసల టికెట్. "అంతా ఆడోళ్ల రాజ్యమే" అని బాలమల్లు మూలిగాడు. "ఎరికైంది గద, ఇగ జరుగు" అని ఆమె కిటికీ పక్క సీటు పట్టింది. మూటలో ఏముందని అడిగితే మాత్రం చెప్పలేదు.

చేవెళ్లలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే జానీ ఫోన్ల దుకాణం. జానీ మంచివాడు, మంచి మాటకారి కూడా. ఛార్జింగ్ ఎక్కువసేపు ఆగాలనేవాళ్లను చూశాడు, పాటలు గట్టిగా వినపడాలనేవాళ్లను చూశాడు. సక్కుబాయిలా గల్లా బల్ల మీద మూట విప్పినవాళ్లను మాత్రం చూడలేదు. లోపల చామంతులు మూడు కుప్పలుగా ఉన్నాయి.

"ఇయి ఇయ్యాల కోసినయి. ఇయి నిన్నటియి. ఇయి మచ్చలు పడ్డయి" అని వేలుపెట్టి చూపించింది. "ఏ ఫోన్ల ఫోటో తీస్తే మూడు మూడు తీర్ల కనపడ్తయో, గా ఫోన్ కావాలె నాకు."

"పూలకు పరీక్షనా అవ్వా?"

"పూలకు కాదు, నీ ఫోన్లకు."

దుకాణంలో తెల్ల లైట్ల కింద పూల రంగు తెలియదంటూ అందరినీ ఎండలోకి నడిపించింది. బాలమల్లు మూడు కుప్పలూ జానీ ఇచ్చిన పళ్లెంలో పెట్టి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. జానీ లోపలికీ బయటికీ తిరుగుతూ ఒక్కో ఫోన్ తెచ్చి ఫోటో తీశాడు. మొదటి ఫోన్‌లో నిన్నటి పూలు కూడా అప్పుడే కోసినట్టు నిగనిగలాడాయి.

"సూడవ్వా, ఎట్ల మెరుస్తున్నయో!" జానీ ముఖం వెలిగిపోయింది.

"మెరుస్తున్నయి గనకనే వద్దు. ఇంకోటి తే."

రెండో ఫోన్‌లో మచ్చలే లేవు. సక్కుబాయి ఫోటో వంక చూసింది, పళ్లెం వంక చూసింది. "మచ్చలేవిరా?"

"ఫోనే తీసేస్తది అవ్వా. దానికి తెలివి మస్తు ఎక్కువ."

"తీసెయ్యమని దానికి ఎవడు చెప్పిండు? రేపు పెండ్లోళ్ల ముంగట ఎవరు నిలబడాలె, ఫోనా, నేనా?"

జానీ ఏవో సెట్టింగులు మార్చాడు. మెరుపు కాస్త తగ్గింది, అబద్ధం మాత్రం పోలేదు. పక్కన టీ కొట్టులో ఉన్నవాళ్లు గ్లాసులతో సహా వచ్చి చుట్టూ మూగారు. "పిల్లనిచ్చేటప్పుడు గూడ ఇంత సూడరు గదనే!" అని ఎవరో అంటే అందరూ ఘొల్లుమన్నారు. సక్కుబాయి కూడా నవ్వింది గానీ పట్టు వదల్లేదు. పాపం జానీ చెమట తుడుచుకుని, అడుగు అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి లాగాడు.

"గిదొక్కటే మిగిలింది అవ్వా. పాత మోడల్. కెమెరా అంతంతే అని ఎవ్వరు ముట్టుకుంటలేరు."

ఆ ఫోటోలో ఇవాళ్టి పూలు ఇవాళ్టివిగానే ఉన్నాయి. నిన్నటి పూల రేకులు అంచున వాడి ఉన్నాయి. మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జానీ తల దించుకున్నాడు. సక్కుబాయి ముఖం మాత్రం విప్పారింది.

"గిదే! గిది ఉన్నది ఉన్నట్టు తీస్తున్నది. కట్టియ్యి."

"తర్వాత నన్ను తిట్టొద్దవ్వా" అన్నాడు జానీ. "నచ్చకుంటే పట్కరా, మంచిది మారుస్త."

మర్నాడు తోటలో కొత్త ఫోన్‌కూ ఆమెకూ మొదటి పోట్లాట జరిగింది. మంచుతో తడిసిన వేలితో ఎంత నొక్కినా అది పలకదు. "సెవుడా నీకు?" అని దాన్ని తిట్టింది. బాలమల్లు భుజం మీది తువాలుతో ఆమె వేళ్లూ, ఫోన్ అద్దమూ తుడిచి, "ఇప్పుడు నొక్కు మహారాణీ" అన్నాడు. సుధాకర్‌కు ఫోటో వెళ్లింది. అవతల నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు. ట్రాలీ ఆటో కూడా రాలేదు.

ఎండ ఎక్కాక సుధాకర్ ఫోన్ చేశాడు. "అవ్వా, మొయినాబాద్ తోటలోళ్ల ఫోటోలు మస్తు మెరుస్తున్నయి. పెండ్లోళ్లు గవే కావాలంటున్నరు. నీ ఫోటోల పూలు జర డల్లుగ పడ్డయి."

"పూలు డల్లుగ లేవు!"

"నాకెరికే అవ్వా. ఏం చెయ్యాలె చెప్పు?"

ఆ రోజు గంపలన్నీ గుడి దగ్గర పూలమ్మేవాళ్లకు వచ్చిన కాడికి ఇచ్చేశారు. తరువాత రోజూ అంతే, ఆ పై రోజూ అంతే. ఇక సక్కుబాయికి ఏడుపు ఆగలేదు. సాళ్ల మధ్య కూలబడి కళ్లు ఒత్తుకుంది. పూలు చెడిపోయి బేరం పోతే బాధ లేదు. మంచి పూలు ఉండీ, నిజం చెప్పీ పోగొట్టుకోవడమే ఆమెకు మింగుడుపడలేదు.

"మారుద్దాం సక్కూ" అన్నాడు బాలమల్లు, ఈసారి ఎగతాళి లేకుండా. "మన పూలు మంచియే గద. జర మెరిస్తే పాపమా?"

"మంచి పూలు మెరిస్తే పాపం కాదు. మచ్చలు పడ్డ నాడు గూడ గట్లనే మెరుస్తయి గద. గా రోజు నా మొఖం యాడ పెట్టుకోవాలె?"

కానీ పెళ్లిళ్ల రోజులు ఎవరి కోసమూ ఆగవు, విచ్చిన పువ్వు అసలే ఆగదు. చివరికి ఆమే ఫోన్‌ను మళ్లీ డబ్బాలో పెట్టి, "పా, చేవెళ్ల పోదాం" అంది. బస్సులో బాలమల్లు టికెట్ గురించి మూలిగినా ఆమె నవ్వలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మొయినాబాద్ దాటగానే డబ్బాలో ఫోన్ మోగింది. సుధాకర్. గొంతులో తొందర.

"అవ్వా, మా చెల్లె పెండ్లి ఉన్నట్టుండి ఖాయమైంది. ముహూర్తం ఎల్లుండే. మండపానికి, దండలకు పూలన్నీ నీయే కావాలె. ఫోటో గీటో ఏం వద్దు. నువ్వు నోటితోని ఏం చెప్తే గదే."

సక్కుబాయి మెల్లగా అడిగింది. "మొయినాబాద్ పూలు మెరుస్తున్నయంటివి గద బిడ్డా?"

"మెరుస్తయి అవ్వా. గని... ఇది మా ఇంట్ల పెండ్లి."

ఆ మాటతో ఆమె సీట్లోంచి లేచి నిలబడింది. "ఓహో! మంది ఆడపిల్లల పెండ్లికి మెరిసే ఫోటోలు, మీ చెల్లె పెండ్లికి నా పూలా?"

బస్సులో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. కండక్టర్ చిల్లర ఇవ్వబోయి చేయి అలాగే పెట్టుకున్నాడు. బాలమల్లు ఆమె కొంగు పట్టి లాగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని మానుకున్నాడు.

"పలుకవేంది?"

"తప్పయింది అవ్వా."

"నీకు నా మీద నమ్మకం ఉన్నది. అది నాకెరికే. దాన్ని నీ కడుపులనే దాసుకుంటే నాకేం ఫాయిదా చెప్పు? పెండ్లోళ్లకు నా ఫోటో చూపిస్తివి. ఈ అవ్వ చెడ్డ పూలను మంచియని ఎన్నడు చెప్పలేదని, గా ముచ్చట చెప్పినవా?"

"...చెప్పలే."

"మరి! ముందుగాల చెప్పు. చెప్పినంక గూడ వద్దంటే వద్దననియ్యి, నేనేమనుకోను. మీ చెల్లెకు పూలు పంపుత. పాపం, పిల్ల ఏం చేసింది? ఏరి ఏరి పంపుత. గని మంది పిల్లలకు గూడ గదే నియ్యత్, గదే నీతి ఉండాలె కొడుకా."

"చెప్త అవ్వా. ఒట్టు, ఇప్పుడే చెప్త."

ఆమె ఫోన్ పెట్టేసి కూర్చుంది. ఎంత తేలిక అనిపించిందో! ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి, "మంచిగ అడిగినవు బిడ్డా" అంది.

చేవెళ్లలో దిగాక బాలమల్లు దుకాణం వైపు నడిచి, వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి తిరిగి చూశాడు. సక్కుబాయి రోడ్డు దాటి అవతల మొయినాబాద్ బస్సులు ఆగే చోట నిలబడి ఉంది. అతను పరుగున వెళ్లాడు.

"ఫోన్ మార్చవా?"

"ఎందుకు మార్చాలె? ఎల్లుండి పెండ్లి పెట్టుకుని దుకాణాల ఎంట తిరుగుతరా? నీళ్లు పెట్టాలె, పా."

తిరుగు బస్సులో సగం దూరం రాకముందే ఫోన్ మళ్లీ మోగింది. తెలియని నంబర్. ఎవరో పట్నం ఆమె, మర్యాదగా మాట్లాడుతోంది.

"సక్కుబాయి గారేనా అండీ? సుధాకర్ మీ నంబర్ ఇచ్చాడు. ఆదివారం మా అమ్మాయి పెళ్లి. మీ పూల ఫోటో చూశాను. ఏమనుకోకండి, అంత బాగా అనిపించలేదు. కానీ పూల సంగతి మీరు చెబితే కళ్లు మూసుకుని నమ్మొచ్చన్నాడు. వాళ్ల చెల్లెలి పెళ్లికి కూడా మీ దగ్గరే తీసుకుంటున్నాడట కదా?"

ఎవరినైనా నిలబెట్టి దులిపేసే మనిషికి ఆ క్షణాన కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలమల్లు ఏమైందోనని కంగారుగా చూస్తున్నాడు. ఆమె అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

"అవునమ్మా, నేనే. అడుగు తల్లీ, ఉన్నదున్నట్టు చెప్త."