బల్ల మీద లేని నంబరు

మా పక్కింటి పిన్ని పోయింది. తెల్లవారుజామున గుండెల్లో నొప్పని లేచి కూర్చుందట, ఆటో ఆసుపత్రి గేటు దాటకముందే ప్రాణం పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు బాబాయి ఎదురుగా కూర్చుని, "ముత్తైదువగా ఎల్లిపోనాది, అదృష్టవంతురాలు" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం అదృష్టం? గాజువాక ఆసుపత్రిలో రోజూ గుండె రోగులను చూసే నర్సు పిట్టగోడకి ఇవతలే ఉంది. ఆ నర్సుని నేనే. నాకు ఒక్క మాట చెప్పలేదు ఆవిడ. ఈ నాలుగు ముక్కలూ నేను బాధతో రాస్తున్నానని అనుకోకండి, కోపంతో రాస్తున్నాను.

మాకు చుట్టరికం లేదు. పెళ్ళయి ఈ కాలనీకి వచ్చిన కొత్తలో ఆవిడే గోడ మీంచి పిలిచి, "నన్ను పిన్నీ అనే, ఆంటీ అన్నావంటే పలకను" అంది. అప్పటినుంచీ పిన్నే. ఆవిడ నాకు నేర్పింది ఆవకాయా కాదు, ముగ్గులూ కాదు. పేకాట. ముఖం చిట్లించకండి, పైసా పెట్టని ఆట.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో రష్యా ఇంజనీర్ల కుటుంబాలు పిన్నీవాళ్ళ క్వార్టర్స్ పక్కనే ఉండేవట. అందులో ఒకావిడ పిన్నికి ఈ ఆట నేర్పింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి రష్యన్ రాదు. వేలు పెట్టి ముక్కలు చూపించుకుంటూ, తప్పు వేస్తే చేతి మీద చిన్న దెబ్బ వేసుకుంటూ నేర్చుకున్నారు. ఆ ఆట పేరుకి వాళ్ళ భాషలో వెర్రివాడని అర్థమట. పిన్ని దానికి 'ఎర్రోడాట' అని పేరు పెట్టి కాలనీలో ఆడవాళ్ళందరికీ అంటించింది.

ఒకరు ముక్క వేసి దాడి చేస్తారు. ఇస్పేటు వేస్తే ఎదుటివాళ్ళు అంతకన్నా పెద్ద ఇస్పేటుతో గాని, తురుపుతో గాని కొట్టాలి. కొట్టలేకపోతే బల్ల మీదున్నవన్నీ ఎత్తుకోవాలి. అప్పుడు మళ్ళీ దాడి చేసేది ముందు వేసినవాళ్ళే. ఈ ఆటలో గెలిచినవాళ్ళంటూ ఉండరు. ఆఖరికి ఎవరి చేతిలో ముక్కలు మిగిలిపోతే వాళ్ళే వెర్రివాళ్ళు. నేను మొదట్లో తురుపు కనిపిస్తే చాలు, వేసేసేదాన్ని.

"ఓలమ్మో, ఆరు ముక్కకి తురుపేత్తావేటే ఎర్రిగుంటా? రేపు ఆసొత్తే ఏటి సేత్తావ్?" అని నెత్తి కొట్టుకునేది.

అన్నిటికన్నా ఆవిడకి ప్రాణమైన రూలు ఇంకొకటుంది. దాడి చేసేవాళ్ళు ఇంకా ముక్కలు వెయ్యవచ్చు గాని, బల్ల మీద అప్పటికే పడిన నంబర్లే వెయ్యాలి. ఏడు, పది పడి ఉంటే మళ్ళీ ఏడో పదో వెయ్యాలి. తొమ్మిది తెచ్చి వేస్తే పిన్ని ముక్క మొహాన కొట్టేది. ఆ రూలుని ఆట దాటించి ఇళ్ళలోకి కూడా తెచ్చింది మహాతల్లి. ఒకసారి గ్యాస్ సిలిండర్ ఎవరు బుక్ చెయ్యలేదన్న దాని మీద నాకూ మా ఆడపడుచుకీ పడింది. మాటకి మాట పెరిగి నేను నా పెళ్ళిలో వాళ్ళు చేసిన మర్యాదల దాకా వెళ్ళాను. గోడ అవతలనుంచి పిన్ని కేక వేసింది.

"ఒసే, ఇప్పుడు బల్ల మీదున్నది సిలిండరు. పెళ్ళి నేదు. తియ్యి!"

ఆడపడుచు ముందు నవ్వింది, తరవాత నేనూ నవ్వాను. ఆ రూలు మా ఇంట్లో ఎన్ని గొడవలు ఆపిందో చెప్పలేను. దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. అయినా కోపం తగ్గదు.

చేతిలో ముక్కలు బాగోలేనప్పుడు పిన్నికి ఒక అలవాటు ఉండేది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "ఇయ్యాల కూరేటే?" అని అడిగేది. మాకందరికీ ఆ గుట్టు తెలుసు. ఈ ఏడాది వానాకాలమంతా గోడ మీంచి కూరేటి, కూరేటి అని అడుగుతూనే ఉంది. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణకి చెప్పుల్లేకుండా నడిచే మనిషి, "మోకాళ్ళు ఒప్పుకోటం నేదు, ఈసారికి ఒగ్గేద్దూ" అంది. అప్పుడు భీమిలిలో మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. డ్యూటీ దిగడం, భీమిలి బస్సెక్కడం, మళ్ళీ వచ్చి డ్యూటీ ఎక్కడం. నా బతుకు అలా ఉంది.

పెద్దకర్మ అయిన సాయంత్రం బాబాయి మా ఇంటికి వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఆయన నెమ్మదస్తుడు, ఇన్నేళ్ళూ మేం ఆడుతుంటే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషి. వానాకాలంలోనే పిన్నిని డాక్టరుకి చూపించారట. గుండె రక్తనాళాల్లో అడ్డం ఉంది, వెంటనే స్టెంటు వెయ్యాలన్నాడట.

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"సెప్పొద్దందమ్మా. ఆ గుంట బల్ల మీద ఇప్పుడు వాళ్ళమ్మ తుంటెముకుంది, నా నంబరు ఎయ్యకూడదంది. నువ్వు కాస్త తెరిపిన పడ్డాక సెప్పి, అప్పుడే ఏయించుకుందామంది."

ఆ మాటకి నేను అరిచేశాను. ఆట రూలు ఆటకి. ప్రాణానికి రూలేమిటి? ఆవిడంటే మొండిది. మీ బుద్ధి ఏమైంది? ఆవిడ వద్దంటే మీరు నోరు మూసుకుంటారా? నాకు మందులు తెలుసు, డాక్టర్లు తెలుసు, నా చేతుల మీద తీసుకెళ్ళేదాన్ని. బాబాయి జేబులోంచి పిన్ని పేక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"నాను ఎప్పుడూ ఆడనేదు, సూడ్డమే. ఓ ఆటేద్దామేటమ్మా?"

అంత కోపంలోనే పంచాను. తురుపు ఆఠీను పడింది. నేను ఆరు వేశాను. "తీసుకుంటాన్లే" అన్నాడు. ఇంకో ఆరు వేశాను, అదీ ఎత్తుకున్నాడు. జాకీలు వేశాను, రాజులు వేశాను, పిన్ని మీద కోపం, ఈయన మీద కోపం, అన్నీ కలిపి బల్ల అదిరేలా వేశాను. ఆయన ఏరుకుని ఏరుకుని చేతిలో పెట్టుకుంటున్నాడు. చెయ్యి చాలక రెండు ముక్కలు జారి కింద పడ్డాయి. వంగి తీసి ఇవ్వబోతే ఆఠీను ఆసు, ఆఠీను రాజు. నేను అంతవరకూ ఒక్క ఆఠీనూ వెయ్యలేదు. అవి పంచినప్పుడే ఆయనకి వచ్చిన ముక్కలు. వేటినైనా కొట్టగలిగిన తురుపులు.

నేను చెయ్యి ఆపేశాను. బాబాయి ఆ రెండూ అందుకుని మిగతావాటిలో కలిపి, రెండు చేతులతో గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఎయ్యమ్మా," అన్నాడు, "నీ సేతిలో ఇంకా ఉన్నాయి కదా."