బొమ్మలో వచ్చిన పడవ

కాలేజీలో ఆవిడని బొమ్మ మేడం అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. సాహిత్యం చెప్పే మనిషికి ఆ పేరెందుకంటే, ఆవిడ క్లాసు గుమ్మం దాటగానే వెనక బెంచీల నుంచి ఒకటే ప్రశ్న: "మేడం, ఈరోజు బొమ్మ పడుతుందా?" సిలబస్‌లో ఉన్న ప్రతి నవలకీ, నాటకానికీ ఒక సినిమా వెతికి పట్టుకురావడం ఆవిడకున్న పిచ్చి. ఆ మాట నాది కాదు, ఆవిడ భర్తది. "నువ్వు పాఠాలు చెప్పడానికి చేరావా, టాకీసు నడపడానికి చేరావా?" అంటాడు.

వెతకడమంటే మాటలా! లైబ్రరీలో డిస్కులు గీతలు పడి మధ్యలో బిగుసుకుపోతాయి. నెట్‌లో దొరికేవాటికి బొమ్మ ఉంటే మాట ఉండదు, మాట ఉంటే బొమ్మ ఉండదు. పుస్తకం పేరు తగిలించుకుని ఆ పుస్తకంతో ఏ చుట్టరికమూ లేనివి మరికొన్ని. కూరగాయలు తరుగుతూ అత్తగారు కూడా ఓ కన్ను వేసి ఉంచుతుంది. "ఇది వద్దే, పిల్లలు నిద్రపోతారు," అని ఆవిడ తేల్చేస్తే ఇక దానికి తిరుగు లేదు.

ఈ ఏడాది వెతుకులాట మాత్రం ఒక్క అమ్మాయి కోసమే. ఆ అమ్మాయిని తోటివాళ్ళు దండయాత్ర అంటారు. మేడం చెప్పే సాహిత్యం పేపరు మీదికి రెండుసార్లు దండెత్తి, రెండుసార్లూ ఓడి వచ్చింది మరి. పొద్దున అన్నయ్య టైలరింగ్ షాపులో మిషన్ తొక్కి, మధ్యాహ్నం క్లాసుకి వస్తుంది. ఈసారీ తప్పితే చదువు కట్టిపెట్టి షాపులోనే కూర్చోమన్నాడు అన్నయ్య. "పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి మేడం. చూస్తే మాత్రం మర్చిపోను," అందొకరోజు. ఆ మాట బొమ్మ మేడం మనసులో నాటుకుపోయింది.

పేపర్లో ఉన్న నవల ఒక పడవవాడి భార్య కథ. మొగుడు ఏట్లోకి వెళ్తాడు, తిరిగి రాడు. దానికెప్పుడో తీసిన పాత సినిమా, వెతగ్గా వెతగ్గా, వేరే కాలేజీలో పనిచేసే స్నేహితురాలి దగ్గర దొరికింది. అంతా బాగానే ఉంది గానీ చివర్లో పడవ తిరిగొచ్చేసింది! జనాన్ని ఏడిపించి పంపడం ఆ సినిమావాళ్ళకి ఇష్టం లేకపోయిందేమో. పోనీలే, ముందు చూపించి, మర్నాడు ఆ తేడా గురించే పాఠం చెప్దాం అనుకుంది మేడం. బొమ్మ పడింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు, దండయాత్ర కళ్ళు తుడుచుకుంది. మర్నాడు వాన పట్టుకుంది. క్లాసుల్లోకి నీళ్ళొచ్చి కాలేజీ మూసేశారు, తెరిచేసరికి పరీక్షలు. కారే ఇల్లు, అత్తగారి దగ్గు, ఈ హడావుడిలో చెప్పాల్సిన ఆ ఒక్క మాటా ఆవిడ బుర్రలోంచి జారిపోయింది.

మామూలుగా ఎవరి పేపరు రోజున వాళ్ళకి పరీక్ష హాల్లో డ్యూటీ వెయ్యరు. లెక్కల మాస్టారికి జ్వరం రావడంతో ఆవిడనే పంపారు. ప్రశ్నపత్రాలు పంచుతూ పెద్ద ప్రశ్న చదివింది. నవల ముగింపు నాయిక స్వభావాన్ని ఎలా చూపిస్తుంది? పడవ సంగతి చెప్పనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వరసల మధ్య తిరుగుతూ ఓరకంట చూసింది. పుస్తకం చదివినవాళ్ళు సరిగ్గానే రాస్తున్నారు. ప్రాణం కాస్త కుదుటపడింది. కిటికీ పక్కకి వచ్చేసరికి దండయాత్ర కాయితం కనిపించింది. "దూరంగా పడవ కనపడింది. ఆమె ఎదురుచూపు ఫలించింది."

మేడం అక్కడే ఆగింది. వంగి "రాలేదు" అని చెవిలో ఒక్క మాట వేస్తే చాలు. తప్పు తనది, ఆ పిల్లది కాదు. కానీ ఒకళ్ళకి చెప్తే మిగతావాళ్ళకి అన్యాయం, చెప్పకపోతే ఈ పిల్లకి అన్యాయం. గుమ్మం దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది.

"మేడం, అడిషనల్!"

దండయాత్ర లేచి నిలబడి కాయితం అడుగుతోంది. ఇన్నాళ్ళూ ఇచ్చిన కాయితాలే నింపలేకపోయిన పిల్ల! అందుకుంటూ, "ఈసారి కొట్టేస్తాను మేడం," అని గుసగుసగా నవ్వింది. మేడం నోరు తెరిచింది. చుట్టూ అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. మేడం పక్కకి తప్పుకుంది. అలా తప్పుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పేపర్లు కట్టగట్టి అప్పజెప్పి వరండాలోకి వచ్చేసరికి దండయాత్ర ఎదురొచ్చింది.

"మేడం! పడవ రాగానే ఆవిడ పరిగెడుతుంది చూడండి, అదంతా పూసగుచ్చినట్టు రాశాను."

"పుస్తకంలో పడవ రాదమ్మా," అంది మేడం. "సినిమాలో మార్చారు. ఆ సంగతి మీకు చెప్పాలి, చెప్పలేదు. తప్పు నాదే."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అయితే పోయినట్టేనా?"

"ప్రిన్సిపాల్‌గారితో చెప్తాను. జరిగింది జరిగినట్టు చెప్తాను."

"చెప్తే మార్కులు వేస్తారా?"

మేడానికి అబద్ధం చెప్పాలనిపించింది. "పేపర్లు దిద్దేది వేరేవాళ్ళమ్మా. వెయ్యరు."

దండయాత్ర వరండా స్తంభానికి ఆనుకుని చేతిలో ప్రశ్నపత్రాన్ని మడతలు పెట్టింది. మేడం తిట్లకే సిద్ధపడింది. తిట్టినా బావుండేది.

"పడవ రాకపోతే మరి ఆవిడ ఏం చేసింది మేడం?"

ఇన్నేళ్ళుగా పాఠం చెప్తున్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేడం తడబడుతూనే చెప్పింది. "చూసి చూసి, ఇంకో పడవ అడిగి తెచ్చుకుంది. తనే తెడ్డు పట్టింది. మర్నాటి నుంచి జనాన్ని ఏరు దాటించేది ఆవిడే."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

దండయాత్ర మడిచిన ప్రశ్నపత్రం విప్పి ఆ ప్రశ్న మళ్ళీ చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు.

"అదే బావుంది మేడం," అంది. "ముందే తెలిస్తే అదే రాసేదాన్ని."