మరిపెడలో నిలవని ఫోటోలు

మొన్న జనగామ స్టేషన్ ముందు చాయ్ తాగుతుంటే ఒక కుర్రాడు నా ఫోటో తీశాడు. మెడలో మూరెడు లెన్సున్న కెమెరా. నేను గ్లాసు దించేలోపే నాలుగు తీసి, తెర మీద నాకే చూపించి నవ్వాడు. బాగానే వచ్చింది, కాదనను. కానీ ఒళ్ళు మండింది. నన్ను అడిగినవా అన్నాను. అడిగితే మనిషి బిగుసుకుపోతాడు తాతా, అడగకపోవడమే వీధి ఫోటోలో స్టయిల్ అన్నాడు. స్టయిలట! నీ తాత లాగు తొడగని రోజుల్లోనే నేను వీధి ఫోటోగ్రాఫర్ని అన్నాను. అతను చప్పున పక్కన కూర్చుని, సాయుధ పోరాటం నాటి ఫోటో ఒక్కటైనా మీ దగ్గర ఉందా అని అడిగాడు.

ఒక్కటీ లేదు. లేకుండా చేసింది నేనే. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

నా కెమెరా ఒక చెక్క పెట్టె, కింద మూడు కాళ్ల స్టాండు. ముందు లెన్సు, దానికో మూత. వెనక నల్లగుడ్డ తొడుగు. అందులోంచి చెయ్యి దూర్చి, ఎర్ర అద్దం గుండా చూసుకుంటూ, ఫోటోను పెట్టెలోనే కడగాలి. లోపల రెండు పళ్ళేలు. ఒకదానిలో బొమ్మను తేల్చే మందు, రెండోదానిలో బొమ్మను నిలబెట్టే హైపో. హైపో చాలకపోయినా బొమ్మ వస్తుంది, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. నాలుగు రోజులు ఎండ తగిలాక నల్లబడుతుంది. పని కొత్తలో ఈ తప్పు చేసి పెళ్ళివారి చేత చీవాట్లు తిన్నాను. మొదట కాగితం మీద నలుపు తెలుపులు తారుమారైన నెగెటివ్ వస్తుంది, దాన్ని మళ్ళీ ఫోటో తీస్తేనే అసలు బొమ్మ. ఆ నెగెటివ్‌ను దాచే అలవాటు నాకు లేదు. ఫోటో చేతికిచ్చాక చించేస్తాను. కూర్చున్న మనిషి ఊఁ అన్నాకే మూత తీయాలని పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడు. మా స్టయిల్ అది.

పోలీసు చర్య తర్వాతి రోజులు. నిజాం రాజ్యం పోయింది గానీ పల్లెల్లో క్యాంపులు వెలిశాయి. పట్నం పారిపోయిన దొరలు వాటి వెనకాలే తిరిగి రావడం మొదలుపెట్టారు. మరిపెడ వారపు అంగడికి సైకిల్ మీద పెట్టె కట్టుకుని పోతే, జవాన్లు నన్ను క్యాంపుకు తోలుకుపోయారు. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని పట్టుకొచ్చి ఎండలో వరసగా కూర్చోబెట్టారు. ఇంతమందిని ఉంచడానికి చోటు లేదు, ఫోటోలు తీసుకుని వదిలేస్తాం అన్నాడు ఆఫీసరు. వాటిని ఎండ పడే వసారాలో బోర్డుకు అంటిస్తారు. వచ్చే అంగడి నాటికి దొరలు వచ్చి చూసి, దళాలకు అన్నం పెట్టిందెవరో, చీటీలు మోసిందెవరో చూపిస్తారు. అలా వేలు పడ్డవాళ్ళను మళ్ళీ పట్టుకొస్తారు. రెండోసారి పట్టుబడ్డవాళ్ళు ఇల్లు చేరరని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు.

వరసలో మొదట కూర్చోబెట్టింది దంతాలపల్లి వైపు ఆడమనిషిని. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. పేరడిగితే ఏదో చెప్పింది. ఆ పేరు ఆమెది కాదని పలికిన తీరులోనే తెలిసిపోయింది. అలవాటు కొద్దీ నేను ఊఁ అనమన్నాను. అనలేదు. జవాను తుపాకీ మడమతో పొడిచాడు. ఆమె అతని వైపు చూడనేలేదు.

"నన్నడిగితే వద్దంట. తీస్తవా మరి?" అంది నాతో, గొంతు పెంచకుండా.

మూత తీశాను. నేను తీయకపోతే ఇంకొకడు తీస్తాడని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి భయపడ్డాను. గుడ్డలో చెయ్యి పెట్టాక సిగ్గు ముంచుకొచ్చింది. మందులో ఆమె మొహం మెల్లగా తేలింది. అంత నిటారైన చూపు అంతకుముందెన్నడూ నా చేతిలో పడలేదు. దాన్ని హైపోలో ఇలా ముంచి అలా తీసేశాను. ఆమెదొక్కటే పాడైతే అందరి కన్నూ ఆమె మీదే పడుతుంది. అందుకని ఆ రోజు అందరి ఫోటోలూ అలాగే ముంచి తీశాను. ఆఫీసరు చూసి నా భుజం తట్టాడు.

ఆ తర్వాతి వారం అంగడికి మళ్ళీ పోయాను. పోకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. వసారాలో బోర్డు నిండా మాడిన రొట్టె రంగు కాగితాలు. దొరలు ముక్కు ఆనించి చూస్తున్నారు. ఒకడు మొగమనిషి అన్నదాన్ని ఇంకొకడు ఆడమనిషి అంటున్నాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఏమిటిదని ఆఫీసరు అరిస్తే, మరిపెడ నీళ్ళు ఉప్పు నీళ్ళు సార్, ఫోటో నిలవదు అన్నాను. పాపం, ఆ నీళ్ళు ఏ పాపమూ ఎరగవు. తుపాకీ మడమతో పెట్టెను పగలగొట్టారు, దాని మీదున్న నా ఎడమ చేతి రెండు వేళ్ళతో సహా. లెన్సును తువ్వాల్లో చుట్టుకుని జనగామ వచ్చాను. వడ్రంగి కొత్త పెట్టె చేసిచ్చాడు. వేళ్ళు మాత్రం వంకరగా అతికాయి.

ఏళ్ళ తర్వాత శివరాత్రికి కాళేశ్వరంలో, గోదావరి ఒడ్డున స్టాండు నిలబెట్టాను. ఒక ఆడమనిషి వచ్చి స్టూలు మీద కూర్చుంది. తల నెరిసింది గానీ చూపు అదే. నా వేళ్ళ వంక చాలాసేపు చూసింది. మరిపెడ బోర్డు సంగతి ఆమె చెవిన పడే ఉంటుంది.

"ఊఁ, తియ్యన్నా. గీసారి నిలవాలె," అంది.

హైపోలో రెండింతల సేపు ఉంచాను. గోదావరి నీళ్ళలో తనివితీరా కడిగాను. వెనక ఏ పేరు రాయమంటావని అడిగితే ఈసారి అసలు పేరు చెప్పింది. రాసిచ్చి, నెగెటివ్‌ను ఆమె ముందే చించేశాను. కొంగుతో ఫోటో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ పేరేమిటని స్టేషన్ ముందు కుర్రాడు అడిగాడు. ఆమె ఊఁ అన్నది ఫోటోకే అన్నాను. ఇక్కడా రాయను.